పావురం లేని శాంతి స్టాంపు కావాలి: తపాలా శాఖ వారికి బహిరంగ లేఖ

ఫిలాటెలిక్ అడ్వైజరీ కమిటీ సభ్యులకు,
డాక్ భవన్, సంసద్ మార్గ్, న్యూఢిల్లీ.

అయ్యా, అమ్మా, నమస్కారం.

మా ఊరి పోస్టాఫీసు గేటు పక్కన జిరాక్స్ షాపు నాది. 26 ఏళ్లుగా అక్కడే ఉన్నాను. కవర్లు, జిగురు సీసాలు, పెన్నులు అమ్ముతాను. మనియార్డరు ఫారాలు నింపిపెట్టమని వచ్చే పెద్దవాళ్లకి ఒకప్పుడు రోజుకి పది పదిహేను నింపేవాణ్ణి. ఇప్పుడు ఆధార్ జిరాక్సులే పని. స్టాంపుల పిచ్చి మాత్రం షాపు కంటే పాతది. ఏడో తరగతిలో పట్టుకుంది, ఇంకా వదల్లేదు. మా ఆవిడ లెక్కలో అది జబ్బు.

మొన్న సంక్రాంతి ముందు బెంగుళూరులో ఉన్న స్నేహితుడికి ఉత్తరం వేద్దామని కౌంటర్ దగ్గరికి వెళ్లి, "అయిదు రూపాయల స్టాంపుల్లో బొమ్మలవి ఏమున్నాయి బాబూ?" అని అడిగాను. కౌంటర్లో కుర్రాడు మంచివాడే. "బొమ్మలవి మన దాకా రావు సార్. స్పీడ్ పోస్టు చేసేయండి, లేబుల్ కొట్టేస్తాను, స్టాంపు గోలే ఉండదు" అన్నాడు. సొరుగు లాగి చూపించాడు కూడా. రబ్బరు బ్యాండు వేసిన రెండు షీట్లు, పక్కన స్టాంపు ప్యాడు, ఒక నెయిల్ కట్టర్. అంతే. బొమ్మల స్టాంపు కావాలంటే బస్సెక్కి పెద్ద పోస్టాఫీసుకి పోవాలి. అక్కడ ఫిలాటెలీ (స్టాంపుల సేకరణ) కౌంటర్ చూసే ఆయన ఆ రోజు సెలవులో ఉండకూడదు.

ఆ కుర్రాడి మీద ఫిర్యాదు చేయడానికి రాయడం లేదు. 2028లో మీరు వేయాల్సిన ఒక స్టాంపు గురించి రాస్తున్నాను. ఇంత తొందరేంటి అనుకోకండి. స్టాంపు ప్రతిపాదనలు బాగా ముందుగా పంపాలని మీరే అంటారు కదా.

నా కోరిక చిన్నదే. 2028లో ఒక శాంతి స్టాంపు వేయండి. అయిదు రూపాయలది, మామూలు ఉత్తరానికి అంటించేది. అందులో పావురం వద్దు.

పావురం మీద నాకు కోపమేమీ లేదు. మా షాపు రేకుల మీద రోజూ నాలుగు వాలతాయి. కానీ ఆల్బమ్ తిరగేస్తే విసుగొస్తుంది. ఏ దేశమైనా సరే, "శాంతి" అనగానే తెల్ల పావురం, నోట్లో ఆలివ్ రెమ్మ, వెనక భూగోళం. పేరు కొట్టేస్తే ఏ దేశం స్టాంపో చెప్పలేం. బొమ్మ వేసినవాడు ఆలోచించలేదు, వేయించినవాడూ ఆలోచించలేదు.

నిజానికి ఆ పావురానిది మంచి కథ. జలప్రళయం తగ్గిందని నోవహుకి తెలిసింది పావురం తెచ్చిన ఆలివ్ ఆకుతోనే. అది బైబిల్ నాటిది. ఇప్పుడు మనం చూసే పోస్టర్ పావురానికి మాత్రం పుట్టిన సంవత్సరం ఉంది, 1949. ఆ ఏప్రిల్లో పారిస్‌లో శాంతి మహాసభ జరిగింది. పోస్టరు కోసం కవి లూయీ అరగాఁ పికాసో స్టూడియోకి వెళ్లి, అక్కడున్న ఒక లితోగ్రాఫ్‌ని, అంటే రాతి అచ్చు బొమ్మని, ఎంచుకున్నాడు. నల్లటి నేపథ్యం మీద తెల్ల పిట్ట. నోట్లో రెమ్మా లేదు, రెక్కలూ చాచలేదు. ఊరికే నిలబడి ఉంది. చిత్రకారుడు మాతీస్ పికాసోకి ఇచ్చిన పెంపుడు పావురమది. పికాసో తండ్రి కూడా పావురాల బొమ్మలు వేసిన మనిషే. ఆ సభ రోజుల్లోనే పికాసోకి కూతురు పుడితే పలోమా అని పేరు పెట్టాడు. స్పానిష్‌లో పావురం అని.

ఆ తర్వాత ఏమైందో మీకు నేను చెప్పక్కర్లేదు. 1950 ఆగస్టు 1న చైనా ఆ పికాసో పావురంతో ప్రపంచ శాంతి స్టాంపులు వేసింది. అదే ఏడాది అక్టోబరులో చైనా సైన్యం యాలూ నది దాటి కొరియా యుద్ధంలో దిగింది. స్టాంపుల జిగురు ఇంకా ఆరి ఉండదు. ఒక్క చైనాని అనడం న్యాయం కాదు. పావురం ఎవరి భుజం మీదైనా వాలుతుంది, అదే దాని ఇబ్బంది.

మన పావురం కథ వేరు. శిబి చక్రవర్తి ఒళ్లో వాలిన పావురం తక్కెడలో కూర్చుంటుంది. అటువైపు చక్రవర్తి తన తొడ కోసి మాంసం వేస్తూ పోతాడు, ముల్లు మాత్రం కదలదు. భారతంలోనూ ఉంది, బౌద్ధ కథల్లోనూ ఉంది, నాగార్జునకొండ శిల్పాల్లోనూ ఉంది. ఆ పావురాన్ని వేస్తానంటే మాత్రం నేను అడ్డు చెప్పను. దాని పక్కన తక్కెడ ఉంది కాబట్టి.

ఇక 2028 ఎందుకంటే చెబుతాను.

గుండ్రటి గీత, లోపల నిలువు గీత, దాని మధ్య నుంచి కిందికి అటూ ఇటూ రెండు వాలు గీతలు. శాంతి గుర్తు అంటారు దాన్ని. టీ షర్టుల మీద, చెవి పోగుల మీద, ఆటో వెనక రేకు మీద కూడా చూసి ఉంటారు. కాలేజీ పిల్లల్ని అడిగితే "హిప్పీ సింబల్ అంకుల్" అంటారు. హిప్పీల కంటే ముందే, 1958 ఫిబ్రవరి 21న ఇంగ్లండ్‌లో దాన్ని గీశారు. గీసినాయన జెరాల్డ్ హోల్టమ్. రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో చదివిన డిజైనర్. రెండో ప్రపంచ యుద్ధంలో నేను తుపాకీ పట్టను అని చెప్పి, నార్ఫోక్‌లో ఒక పొలంలో పని చేసిన మనిషి. 2028 ఫిబ్రవరికి ఆ గుర్తుకి 70 ఏళ్లు నిండుతాయి. ఫిబ్రవరి 21 మాతృభాషా దినం కూడా. అది కాకతాళీయమే, కానీ ఆ గుర్తూ ఒక భాష నుంచే పుట్టింది.

ఓడల మీద నావికులు రెండు జెండాలు చేత పట్టుకుని అక్షరాలు చూపించే సెమాఫోర్ అనే పద్ధతి ఉంది. రెండు చేతులూ కిందికి వాలుగా చాపితే "ఎన్". ఒక చెయ్యి నెత్తి మీదికి, ఒకటి కాళ్ల వైపుకి చాపితే "డి". న్యూక్లియర్ డిసార్మమెంట్, అంటే అణు నిరాయుధీకరణ. ఆ రెండక్షరాలూ ఒకదాని మీద ఒకటి వేసి చుట్టూ సున్నా చుట్టాడు. షాపులో ఖాళీగా ఉన్నప్పుడు ఈ సంగతి చెబితే పిల్లలు లేచి నిలబడి చేతులు చాపి చూస్తారు. ఒకడు ఎన్, ఒకడు డి. స్టాంపు మీద వేయాల్సిన బొమ్మ అదేనేమో అనిపిస్తుంది నాకు.

కానీ అది సగం కథే. హోల్టమ్ తర్వాత 'పీస్ న్యూస్' పత్రిక సంపాదకుడు హ్యూ బ్రాక్‌కి రాసిన ఉత్తరంలో మిగతా సగం చెప్పాడు. అప్పుడు తాను పూర్తిగా నిరాశలో ఉన్నాననీ, స్పెయిన్ చిత్రకారుడు గోయా వేసిన చిత్రంలో తుపాకుల ముందు నిలబడ్డ రైతులాగా అరచేతులు బయటికి తిప్పి కిందికి చాపిన తన బొమ్మనే గీసుకున్నాననీ, దాన్ని గీతగా కుదించి చుట్టూ సున్నా పెట్టాననీ రాశాడు. అంటే మనం సంతోషంగా గోడల మీద గీసుకునే ఈ గుర్తు ఒక మనిషి ఆశ వదులుకున్న బొమ్మ. తమాషా ఏంటంటే గోయా వేసిన 1808 మే 3 చిత్రంలో ఆ తెల్ల చొక్కా మనిషి చేతులు పైకి చాచి ఉంటాయి, కిందికి కాదు. హోల్టమ్ జ్ఞాపకంలో అవి కిందికి దిగిపోయాయి. మనసు బాగోలేనప్పుడు చూసిన బొమ్మ అలాగే గుర్తుంటుందేమో. తర్వాత తర్వాత ఆయనే, శాంతి అంటే పండగ చేసుకోవాల్సింది కదా, గుర్తుని తలకిందులు చేస్తే బాగుండునని అనుకున్నాడు. అప్పటికే అది ఆయన చేయి దాటిపోయింది.

ఆ గుర్తు మొదట బయటికొచ్చింది 1958 ఏప్రిల్ 4న, గుడ్ ఫ్రైడే నాడు. లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్ నుంచి ఆల్డర్‌మాస్టన్‌లో ఉన్న అణ్వాయుధ కేంద్రం దాకా పాదయాత్ర. 52 మైళ్లు, నాలుగు రోజులు. కర్రలకి గుండ్రటి అట్టలు తగిలించి 500 తయారు చేశారు, పిల్లల లాలీపాప్‌ల్లాగా. సగం తెలుపు మీద నలుపు, సగం ఆకుపచ్చ మీద తెలుపు. శుక్ర, శనివారాల్లో నలుపు పట్టుకున్నారు. ఈస్టర్ ఆదివారం నుంచి ఆకుపచ్చ. చర్చిలో రంగులు మారినట్టే, చలికాలం పోయి వసంతం వచ్చినట్టు. కాల్చిన మట్టితో బ్యాడ్జీలు కూడా చేశారు. అణుయుద్ధం వస్తే ఆ మంటల్లో మిగిలే కొద్ది వస్తువుల్లో ఇదొకటి అని వాటితో పాటు చీటీ ఇచ్చారు. కుమ్మరి బుర్రకి దండం పెట్టాలి!

దానికి కాపీరైటు తీసుకోలేదు. ఎవరైనా వాడుకోవచ్చు. అందుకే అంత దూరం పోయింది. ఆ యాత్రలో నడిచిన బేయర్డ్ రస్టిన్ అనే అమెరికన్ నల్లజాతి నాయకుడు 1963లో వాషింగ్టన్ మహాయాత్రని నిర్వహించాడు. వియత్నాం యుద్ధం వచ్చేసరికి ఆ గుర్తు అమెరికా వీధి వీధినా ఉంది. గిట్టనివాళ్లు విరిగిన శిలువ అన్నారు, కోడికాలు అన్నారు. 1998 నుంచి 2000 దాకా అమెరికా తపాలా శాఖ శతాబ్దపు జ్ఞాపకాల పేరుతో పదేళ్లకో షీటు చొప్పున స్టాంపులు వేసింది. 1999లో వచ్చిన 1960ల షీట్లో 15 స్టాంపులు, ఒక్కోటి 33 సెంట్లు. ఏ విషయాలుండాలో జనాన్ని ఓటు వేయమన్నారు. అందులో ఈ శాంతి గుర్తు ఉంది, వియత్నాం యుద్ధం కూడా ఉంది. బార్బీ బొమ్మ, చంద్రుడి మీద అడుగు, బీటిల్స్ కూడా అదే షీట్లో ఉన్నాయి. చిల్లుల దగ్గర చింపితే యుద్ధం ఒక ముక్క, దాన్ని వద్దన్న గుర్తు ఒక ముక్క. ఇంతకంటే నిజాయితీగల షీటు నా ఆల్బమ్‌లో లేదు.

ఇక్కడ మీ కమిటీలో ఎవరో ఒకరు అడుగుతారు: ఇంగ్లండ్ వాడు గీసిన గుర్తుకి మన స్టాంపు ఎందుకయ్యా?

ఆల్డర్‌మాస్టన్ దగ్గర మొదటిసారి నిరసన చేసింది 1958లో కాదు, 1952లో. చేసిన గుంపు తమకి తాము పెట్టుకున్న పేరు "ఆపరేషన్ గాంధీ". పైన చెప్పిన హ్యూ బ్రాక్ అందులో ముఖ్యుడు. కొద్దిమందే. మొదట లండన్‌లో యుద్ధ కార్యాలయం ముందు రోడ్డు మీద కూర్చుని అరెస్టయ్యారు. ఉప్పు సత్యాగ్రహంలో మనవాళ్లు చేసిన పని లండన్ వానలో చేసి చూశారు. 1958 పాదయాత్ర ఆ విత్తనం నుంచి వచ్చిందే. రస్టిన్ అయితే 1948లో మన దేశానికే వచ్చి గాంధీ మార్గం నేర్చుకుని వెళ్లాడు. దండి దారి ఆల్డర్‌మాస్టన్ మీదుగా వాషింగ్టన్‌కి పోయిందంటే అతిశయోక్తి కాదు.

రెండో ప్రశ్న ఇంకా ఇరుకైనది. మనకే అణుబాంబు ఉంది కదా, నిరాయుధీకరణ గుర్తు స్టాంపు మీద ఎలా వేస్తాం? నిజమే. 1956లో బుద్ధ జయంతికి బోధివృక్షం స్టాంపు వేసిన దేశమే 1974లో పోఖ్రాన్ పరీక్షకి "నవ్వే బుద్ధుడు" అని పేరు పెట్టుకుంది. దాన్ని దాచనక్కర్లేదు. కానీ 1954 ఏప్రిల్ 2న అణుపరీక్షలు ఆపండని పార్లమెంటులో నెహ్రూ గారు అడిగారు, ఆ గుర్తు పుట్టడానికి దాదాపు నాలుగేళ్ల ముందు. 1988 జూన్‌లో అణ్వాయుధాలు లేని ప్రపంచం కోసం రాజీవ్ గాంధీ గారు ఐక్యరాజ్యసమితిలో ప్రణాళికే పెట్టారు. బాంబుల కుప్ప మీద కూర్చున్న అమెరికా వేయగలిగిన స్టాంపు మనం వేయలేమా?

అయినా ఆ గుర్తు ఒక్కటే వేయమని అడగడం లేదు. దానికి జంటగా ఇంకో బొమ్మ ఉంది, పూర్తిగా మనది. దానికీ 2028లోనే 75 ఏళ్లు.

1953 జులై 27న కొరియాలో కాల్పులు ఆగాయి. కానీ 22 వేల పైచిలుకు యుద్ధఖైదీలు మా దేశానికి తిరిగి పోము అన్నారు. ఎక్కువమంది చైనా వాళ్లు, ఉత్తర కొరియా వాళ్లు. వాళ్లని ఎవరు చూసుకోవాలి? అయిదు దేశాల కమిషన్ వేసి మన జనరల్ తిమ్మయ్యని అధ్యక్షుడిగా పెట్టారు. కాపలాకి మన సైన్యం వెళ్లింది, మేజర్ జనరల్ థోరట్ ఆధ్వర్యంలో. దక్షిణ కొరియా ప్రభుత్వం మా నేల మీద భారత సైనికుడు అడుగు పెట్టకూడదంది. అందుకని ఇంచియాన్ తీరంలో ఓడ మీంచి హెలికాప్టర్లలో ఎక్కించి నేరుగా రెండు కొరియాల మధ్య సైన్యాలు లేని ప్రాంతంలో దించారు. మనవాళ్లు అక్కడి శిబిరానికి "హింద్ నగర్" అని పేరు పెట్టుకున్నారు. ఖైదీలు తిట్టారు, రాళ్లు రువ్వారు. గెలవడానికి కాదు, నెలల తరబడి కాపలా నిలబడడానికి వెళ్లిన సైన్యం అది. 1954లో తిరిగొచ్చింది.

ఆ సైనికులు ఇంటికి ఉత్తరాలు రాయాలిగా. మీ శాఖ అప్పటికి వాడుకలో ఉన్న పురాతన శిల్పాల స్టాంపుల మీద నల్ల సిరాతో హిందీలో "భారతీయ సంరక్షా కటక్ కొరియా" (కొరియాలో భారత కాపలా దళం) అని అచ్చు కొట్టి పంపింది. నా దగ్గర అందులో ఒక్కటుంది, అణా స్టాంపు. పదిహేనేళ్ల క్రితం ఒక ప్రదర్శనలో, పోస్టు కవర్ల పెట్టె అడుగున దొరికింది. బొటనవేలి గోరు కంటే కాస్త పెద్దది. పచ్చ కలిసిన నీలం రంగు. మధ్యలో బోధిసత్వుడు కూర్చుని ఉన్నాడు. ఆయన ఒంటి మీదుగా "కొరియా". కింది మూలలో ముద్ర సగమే పడింది, తేదీ చదవలేం. ఎదురుగా వెలుతురు పెడితే వెనకాల కాగితం పీచు ఇంకా అంటుకునే కనిపిస్తుంది. సరిగా నానబెట్టకుండా తొందరపడి పీకేశారు ఎవరో. ఆ కవరులో ఏముందో, ఏ ఊరికి పోయిందో. "నేను క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను" అనే ఉంటుంది.

ఇంకో మాట. ఈ అణా బోధిసత్వుడు 1949లో మొదట వేసినప్పుడు బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడింది, చెయ్యి అటుది ఇటు పడింది. 1950లో సరిచేసి మళ్లీ వేశారు. ఒక చోట హోల్టమ్ చేతులు, ఒక చోట బోధిసత్వుడి చెయ్యి. శాంతి బొమ్మల్లో చేతుల దగ్గరే ఎందుకో తడబడతారు.

తర్వాత కూడా ఇలాంటివి వేశారు మీరు. 1954లో ఇండోచైనాకి వెళ్లిన మనవాళ్ల కోసం కంబోడియా, లావోస్, వియత్నాం పేర్లతో. 1962లో కాంగో. 1965లో గాజాలో ఉన్న మన సైనికుల కోసం, నెహ్రూ గారు పోయినప్పుడు వేసిన 15 పైసల స్టాంపు మీదే "యు.ఎన్.ఇ.ఎఫ్." (ఐక్యరాజ్యసమితి అత్యవసర దళం) అని కొట్టారు. తిమ్మయ్య గారు సైప్రస్‌లో ఐక్యరాజ్యసమితి దళాన్ని నడుపుతూ 1965లో అక్కడే కన్నుమూశారు. మరుసటి ఏడాది సైప్రస్ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది. పరాయి దేశపు సైన్యాధికారిని ఒక దేశం అలా తలుచుకోవడం మామూలు మాట కాదు. వీటిలో ఎక్కడా పావురం లేదు చూడండి. ఉన్న స్టాంపు మీదే నాలుగు అక్షరాలు కొట్టారు, అది పని చేసింది.

పని చేసిన స్టాంపు అంటే గుర్తొచ్చింది. మా తెలంగాణ మిత్రుడి దగ్గర 1945 నాటి నిజాం హైదరాబాదు విజయ స్టాంపు ఉంది, రెండో ప్రపంచ యుద్ధం గెలిచినందుకు వేసింది, ఒక అణా, నీలం రంగు. బ్రిటిష్ ఇండియా విజయ స్టాంపుల మీద రాజు గారి తలకాయ వేస్తే, హైదరాబాదు వాళ్లు యుద్ధం నుంచి వచ్చి ఇంటివాళ్లని కలుసుకున్న సిపాయిని వేశారు. పేరుకి విజయం, బొమ్మకి శాంతి.

ఇంకొకటి మా షాపులోనే దొరికింది. పొలం కాగితాలు జిరాక్స్ తీయించడానికి ఒక పెద్దాయన ట్రంకు పెట్టెలోంచి ఒక మూట తెచ్చారు. పాస్ పుస్తకాల మధ్యలో పాత కవరు. 20 పైసల స్టాంపు, దాని పక్కన 5 పైసల కుటుంబ నియంత్రణ స్టాంపు, దాని మీద "రెఫ్యూజీ రిలీఫ్" అని అచ్చు. "ఇదేంటో తెలుసా బాబాయ్?" అంటే, "ఏమో, అప్పుడు అందరం అంటించేవాళ్లం, లేకపోతే పోస్టు తీసుకునేవాడు కాదు" అన్నారు. 1971 నవంబరు నుంచి 1973 దాకా ఉత్తరం మీద ఆ అయిదు పైసలు అదనం. తూర్పు బెంగాల్ (ఇప్పటి బంగ్లాదేశ్) నుంచి వచ్చిన దాదాపు కోటి మంది శరణార్థుల కోసం. తొందరలో కొత్త బొమ్మ వేసే తీరిక లేక మొదట ఉన్నదాని మీదే అచ్చు కొట్టారు. మా జిల్లాలో వరి పండించుకునే ఆయన, ఢాకా ఎక్కడుందో సరిగా తెలియకుండానే, ఏడాదికి పైగా వాళ్లకి అయిదేసి పైసలు ఇచ్చాడు. బాబాయ్ ఆ కవరు నాకిచ్చేస్తానన్నారు. నేనే వద్దన్నాను. అది వాళ్ల నాన్న రాసిన ఉత్తరం.

ఇందుకే అయిదు రూపాయలు అంటున్నాను. 2011లో మీరు ఖాదీ గుడ్డ మీద గాంధీ గారి స్టాంపు వేశారు. చాలా అందంగా ఉంది, ఒప్పుకుంటాను. ధర 250. నేను అప్పు చేసి కొన్నాను, మా ఆవిడ ఈ ఉత్తరం చదవదని ఆశ. అది ఎన్ని ఉత్తరాల మీదికి ఎక్కి ఉంటుంది? వచ్చిన కవరుని తిప్పి వెనకవైపు రాసుకునే మనిషి ఆయన. 1948 ఆగస్టు 15న ఆయన మొదటి స్టాంపులు వచ్చినప్పుడు పది రూపాయలది కూడా వేశారు, స్విట్జర్లాండ్‌లో అచ్చు వేయించి. అప్పట్లో పది రూపాయలంటే ఎంతో మీకు తెలుసు. కానీ దాంతో పాటు అణాన్నరది కూడా ఉంది, హిందీలోనూ ఉర్దూలోనూ "బాపు" అని. మా ఊళ్లో ఏ పాత మూట విప్పినా కనిపించేది ఆ అణాన్నరదే. పది రూపాయలది నేను గాజు వెనక మాత్రమే చూశాను.

ఇక స్టాంపు ఎలా ఉండాలో నాకు తోచింది చెబుతాను, డిజైనర్లకి చెప్పేంతవాణ్ణి కాను. జంట స్టాంపు వేయండి, మధ్యలో చిల్లులతో. ఒకదాని మీద రెండు జెండాలు పట్టుకుని ఎన్, డి అక్షరాలు చూపిస్తున్న మనుషులు, వాళ్ల చేతుల్లోంచి తయారైన ఆ గుండ్రటి గుర్తు. రెండోదాని మీద కొరియా అచ్చు పడ్డ ఆ అణా బోధిసత్వుడు, సగం ముద్రతో సహా. ఏ నాయకుడి మొహమూ వద్దు. ప్రతి భాషలో శాంతి అనే మాట రాసి ఖాళీ నింపొద్దు. బ్రోచర్‌లో హోల్టమ్ నిరాశ గురించి, గోయా చేతుల గురించి, ఆపరేషన్ గాంధీ గురించి ఉన్నదున్నట్టు రాయండి. హింద్ నగర్ మీద పడ్డ రాళ్ల గురించి కూడా.

అచ్చు హైదరాబాదు సెక్యూరిటీ ప్రింటింగ్ ప్రెస్‌లో వేస్తే మాకు సంతోషం. నాసిక్ అయినా ఫరవాలేదు. ఫస్ట్ డే కవర్లు (విడుదల రోజు ముద్ర పడ్డవి) ఎన్ని వేస్తారో మీ ఇష్టం. కానీ షీట్లు మాత్రం మామూలు పోస్టాఫీసులకి పంపండి. సబ్ పోస్టాఫీసు సొరుగులోకి, ఆ నెయిల్ కట్టర్ పక్కకి. రిజిస్టర్ పోస్టుని 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు, లేబుళ్ల కాలం వచ్చేసింది, నాకు తెలుసు. లేబుల్ కొట్టుకోండి. కానీ ఎవరైనా వచ్చి "ఒక స్టాంపు ఇవ్వండి" అంటే ఇవ్వడానికి ఉండాలి కదా. ఒక చిన్న పిల్ల దాన్ని నాలికతో తడిపి, వంకరగా అంటించి, "అంకుల్, ఈ గుర్తేంటి?" అని మా షాపులోకి వచ్చి అడగాలి. నేను లేచి చేతులు చాపి చూపిస్తాను.

ఈ ఉత్తరాన్ని మామూలు పోస్టులోనే పంపుతున్నాను. కవరు మీద అయిదు రూపాయలవి రెండు అంటించాను, పెద్ద పోస్టాఫీసుకి వెళ్లి తెచ్చినవి. ముద్ర తేటగా కొట్టమని కౌంటర్ కుర్రాణ్ణి బతిమాలాను. ప్యాడు ఆరిపోయి మొదటిసారి పడలేదు, నోటితో ఊది రెండోసారి కొట్టాడు. కాబట్టి మీలో ఎవరైనా ఈ ఉత్తరం తెరిస్తే ఒక చిన్న సాయం చేయండి. కవరు చెత్తబుట్టలో వేసే ముందు స్టాంపులున్న మూలని చుట్టూ వేలెడు మార్జిన్ వదిలి కత్తిరించి నాకు తిరిగి పంపించండి. పీకొద్దు. నానబెట్టుకోవడం నేను చూసుకుంటాను.

ఇట్లు,
మీ పోస్టాఫీసు గేటు పక్కన జిరాక్స్ షాపువాడు